రాత్రి షిఫ్టు రిపోర్టు చదివాక కూడా సేటు ఫోన్ చేస్తున్నారు. ఎట్లా రాయాలి?

షిఫ్టు ఇన్‌చార్జి, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో రాత్రి షిఫ్టు చూసుకుంటున్నాను. పొద్దున షిఫ్టు దిగే ముందు వాట్సాప్‌లో రిపోర్టు పెట్టాలి. అది ఎఫ్‌సీఐకో, సివిల్ సప్లయిస్‌కో పోయే కాగితం కాదు. సేటు, మేనేజరు, పగటి షిఫ్టు ఇన్‌చార్జి, ఈ ముగ్గురే చదువుతారు. పెట్టిన కాసేపటికే ఫోన్ వస్తుంది, "రాత్రి ఏమైందో చెప్పు" అని. అన్నీ రాశాక కూడా ఎందుకు అడుగుతున్నారో అర్థం కావట్లేదు. మిల్లులో మొదటి నుంచీ నడుస్తున్న పద్ధతిలోనే రాస్తున్నాను. నిన్నటిది ఇది:

"గౌరవనీయులైన సేటు గారికి నమస్కరించి వ్రాయునది. రాత్రి షిఫ్టు 10 గంటలకు ప్రారంభించబడినది. బాయిలర్ నడిచినది. నానబెట్టిన ట్యాంకులు 4. హమాలీలు ఇద్దరు తక్కువ. డ్రయ్యర్ ఎలివేటర్ బెల్టు కొంత ఇబ్బంది పెట్టినది, సరిచేయబడినది. కరెంటు పోయి వచ్చినది. వడ్ల లారీలు 3 దిగుమతి. ఒక లారీలో తేమ ఎక్కువ. ఊక సరిపోను ఉన్నది. మిగతా అంతా నార్మల్. తమ విధేయుడు."

ఇందులో ఏం మార్చాలి?

క్వాలిటీ మనిషి, జడ్చర్ల

తమ్ముడూ, సంగతులు తక్కువేం లేవు. కానీ పొద్దున్నే ఫోన్ తెరిచిన సేటు మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: ఇప్పుడు నేనేమన్నా చేయాలా? దానికి ఇందులో జవాబు లేదు. బెల్టు తెగిందా, జారిందా, జాయింటు ఊడిందా? ఎంతసేపు ఆగింది? చేసింది మన ఫిట్టరేనా? ఇవాళ రాత్రికి నిలుస్తుందా, కొత్తది తెప్పించాలా? ఆయన ఫోన్ చేసేది ఇవి అడగడానికే.

నేను పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. మా దగ్గర రాతకు పట్టింపు ఎక్కువ. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుండాలి, పని జరిగినప్పుడే రాయాలి, మొదట రాసిన కాగితమే ఉండాలి, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి దీన్ని అల్‌కోవా అంటారు. మిల్లులో ఇంత తతంగం అక్కర్లేదు. కానీ పని జరిగినప్పుడే రాసుకోవడం మాత్రం పట్టుకో. తెల్లవారుజామున అలసిపోయి గుర్తు తెచ్చుకుంటూ రాస్తే టైములన్నీ పోయి "కొంత", "ఎక్కువ", "నార్మల్" మిగులుతాయి. జేబులో చిన్న పుస్తకం ఉంచు. మిషను ఆగిన నిమిషం, తిరిగిన నిమిషం అప్పటికప్పుడు రాసుకో. ఏదైనా తప్పు పడితే కనపడకుండా దిద్దకు. ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయి.

తేమ సంగతి కూడా అంతే. కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం లెక్క అని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "ఎక్కువ" అంటే 18 శాతమా, 22 శాతమా?

రిటైర్డ్ సూపరింటెండెంట్, నల్లగొండ

బాబూ, నేను చాలాకాలం ఒక జిల్లా ఆఫీసులో ఫైళ్లు చూశాను. మీరు రాసేది ఇన్‌ఫార్మల్ రిపోర్టు. దానికి ముఖపత్రం, విషయసూచిక, అనుబంధాలు ఉండవు. ఒకటి రెండు పేజీలు దాటదు. "నేను చూశాను", "మేం ఆపాం" అని రాయవచ్చు. రోజూ మొహాలు చూసుకునే నలుగురి మధ్య "గౌరవనీయులైన", "తమ విధేయుడు" లేకపోతే మర్యాదేమీ తగ్గదు. ఒక నమస్తే చాలు. తేదీ, షిఫ్టు, రాసినవారి పేరు మాత్రం తప్పనిసరి. ఆ మెసేజ్‌ను ఎవరైనా వేరే గ్రూపుకు పంపితే పైన కనిపించే మీ నంబరు, టైము దానితో పోవు.

"సరిచేయబడినది" అన్న వాక్యం మా ఆఫీసుల నుంచే మీదాకా వచ్చింది. ఎవరు చేశారో చెప్పకుండా దాటెయ్యడానికి అది బాగా పనికొస్తుంది, అందుకే ఫైళ్లలో అంతగా నిలిచిపోయింది. షిఫ్టు రిపోర్టులో అది వద్దు. "ఫిట్టరు జాయింటు మళ్లీ వేశాడు" అంటే, తర్వాత ఎవరిని అడగాలో కూడా అందులోనే తెలుస్తుంది.

లారీల పని, కోదాడ

ఇంత కష్టం దేనికన్నా? వాయిస్ మెసేజ్ పెట్టు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. మా డ్రైవర్లంతా అంతే చేస్తారు. టైరు పంక్చరైతే ఫోటో తీసి, మాట పెడతారు.

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

అన్నా, రోడ్డు మీదున్న డ్రైవరుకు వాయిస్ మెసేజే మంచిది, నేనూ ఒప్పుకుంటాను. కానీ షిఫ్టు రిపోర్టు ఒకసారి విని వదిలేసేది కాదు. పది రోజుల తర్వాత "ఈ బెల్టు ఇంతకుముందు ఎప్పుడు ఊడింది" అని వెతకాలంటే వాయిస్‌లో దొరకదు. మిల్లు చప్పుడులో పెట్టిన వాయిస్‌లో పదిహేడా, పంతొమ్మిదా అన్నది కూడా సరిగ్గా వినపడదు. టైపు చేయడమే కష్టమైతే ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులోనే చెప్తే అక్షరాలు పడతాయి. తర్వాత అంకెలు మాత్రం ఒకసారి చూసుకోవాలి.

మాకు డ్యూటీ మార్చుకునేటప్పుడు నేర్పే పద్ధతి ఒకటుంది. ఎస్‌బార్ అంటారు. ముందు ఇప్పుడున్న పరిస్థితి, తర్వాత దాని వెనక సంగతి, తర్వాత నేనేమనుకుంటున్నాను, చివరికి ఏం చేయాలి. ఇది అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల నుంచి వచ్చి, తర్వాత ఆసుపత్రుల్లోకి పాకింది. ఇందులో నాకు నచ్చేది మూడోది. నేను చూసింది వేరు, నాకు అనిపించింది వేరు అని పక్కపక్కనే పెట్టిస్తుంది. "పేషెంటుకు జ్వరం 102" నేను చూసింది. "ఇన్‌ఫెక్షన్ కావచ్చు" నా అనుమానం. రెండూ కలిపి రాస్తే డాక్టరు నా అనుమానాన్నే నిజమనుకుని మందు మార్చేయొచ్చు.

సబ్‌స్టేషన్ ఆపరేటర్, నాగర్‌కర్నూల్

"కరెంటు పోయి వచ్చినది" మీద ఒక మాట. పైనుంచి ఫీడరు, అంటే మీకు కరెంటు తెచ్చే లైను ట్రిప్పయిందా, మీ లోపలి బ్రేకరు పడిందా? రెంటికీ చాలా తేడా. ఫీడరు పోతే మా 33/11 కేవీ సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో టైము ఉంటుంది, మీ టైముతో సరిపోల్చుకోవచ్చు. మా దగ్గర లేకుండా మీ దగ్గరే పోయిందంటే మీ ప్యానల్లోనో, మోటార్లలోనో ఏదో ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలా వద్దా అన్నది ఆ ఒక్క ముక్కతో తేలుతుంది.

ఇంకోటి. కొన్ని విషయాలకు ఇన్‌ఫార్మల్ రిపోర్టు పనికిరాదు. లైను మీద మనిషి ఎక్కుతున్నాడంటే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోవాలి, రిజిస్టరులో పడాలి. "అన్నా, ఆపినవ్ కదా" అని ఫోన్లో అడిగి స్తంభం ఎక్కితే ప్రాణాలు పోతాయి. మీ మిల్లులోనూ అట్లాంటి పనులు ఏమున్నాయో చూసుకోండి. వాటిని వాట్సాప్‌కు వదలొద్దు.

షిఫ్టు ఇన్‌చార్జి, మిర్యాలగూడ

అందరికీ ధన్యవాదాలు. చాలా విషయాలు అర్థమయ్యాయి. ఇంకో రెండు అడగాలి. ఒకటి, బెల్టు ఆగినప్పుడు డ్రయ్యర్ ఆపరేటర్ అక్కడ లేడు. వరసకు నాకు బావ అవుతాడు. అది రాయాలా? రెండోది, బెల్టు సరిచేయడానికి పుల్లీని కప్పి ఉంచే గార్డు తీశారు. బోల్టులు అరిగిపోయాయని తిరిగి బిగించలేదు. తెల్లవారుజామున ఒక బీహార్ హమాలీ తువ్వాల అందులో చిక్కుకుంది. గుంజి వదిలేశాడు. దెబ్బేమీ తగల్లేదు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. ఇట్లాంటివి కూడా రిపోర్టులోకి వస్తాయా?

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ముందు ఫోన్ చేసి ఆ ఎలివేటర్ ఆపించు. గార్డు బిగించాక ఇక్కడికి వచ్చి మిగతాది చదువు. తువ్వాల మెడ చుట్టూ ఉంటే ఏమయ్యేదో నేను క్యాజువాలిటీలో చూశాను.

క్వాలిటీ మనిషి, జడ్చర్ల

అక్క చెప్పింది నిజం. ఆ రాత్రి జరిగినవాటిలో మొదటి వాక్యంగా రావాల్సింది అదే. దెబ్బ తగలని ప్రమాదాన్ని మేం నియర్ మిస్ అంటాం. దెబ్బ తగిలాక రాసే రిపోర్టు నష్టం లెక్కకు పనికొస్తుంది, తగలకముందు రాసింది మనిషిని కాపాడుతుంది. మన దగ్గర రెండోదాన్ని రాయడానికే సిగ్గుపడతారు, "ఏం కాలేదు కదా" అని. నాకు దీని మీద చాలా బాధ ఉంది. మందుల కంపెనీల్లో, మిల్లుల్లో, జిన్నింగ్ ఫ్యాక్టరీల్లో చేతులు పోయిన మనుషులు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో చూడండి.

ఇంకో మాట, ఆ రిపోర్టు సేటుకు, మేనేజరుకు తెలుగులో పోతుంది. తువ్వాల చిక్కినవాడికి తెలుగు రాదు. హమాలీల మేస్త్రీతో హిందీలో చెప్పించు, ఎలివేటర్ దగ్గర హిందీలో బోర్డు కూడా పెట్టించు.

ఫిజిక్స్ లెక్చరర్ (రిటైర్డ్), దేవరకొండ

ఇది చదువుతుంటే కల్పనా చావ్లా గుర్తొచ్చింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ భూమికి తిరిగి వస్తూ ముక్కలైపోయింది, ఆమెతో సహా అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. జనవరి 16న ఎగిరేటప్పుడే ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు దాని మీద లెక్కలు వేసి పైవాళ్లకు స్లైడ్లు చూపించారు. అందులో ఒక స్లైడ్ గురించి దర్యాప్తు బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా రాసింది. పైన శీర్షిక ధైర్యం చెప్పేట్టు ఉంది. అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నిజంగా తగిలింది 1920 ఘనపు అంగుళాలు, అంటే 640 రెట్లు పెద్దదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ప్రాణాల మీదికి వచ్చిన సంగతని పై అధికారికి ఆ స్లైడ్ చూస్తే తట్టదు. చెప్పాల్సిన విషయం చిట్టచివర ఉండిపోయింది.

మీ రిపోర్టులో ఊక సరిపోను ఉందన్న మాట ఉంది, తువ్వాల లేదు. నిజాలు అన్నీ రాయడం ఒకటి, ఏది ముందు రాయాలో తేల్చుకోవడం ఇంకొకటి. రెండోదానికే అనుభవం కావాలి. రాయడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, "ఈ రాత్రి వీళ్లకు ఒక్క వాక్యమే చెప్పే వీలుంటే ఏం చెప్తాను" అని మిమ్మల్ని మీరే అడగండి. వచ్చిన జవాబును మొదట రాయండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్, నల్లగొండ

ఆపరేటర్ విషయానికి వస్తే, బావ అయినా, పరాయి అయినా రాయవలసిందే. ఎలా రాయాలన్నదే చూసుకోవాలి. "నిర్లక్ష్యంగా ఉన్నాడు", "పడుకున్నాడు" అనకండి, మీరు కళ్లారా చూస్తే తప్ప. "1:10కి నేను వెళ్లినప్పుడు డ్రయ్యర్ దగ్గర ఆపరేటర్ లేడు. 1:25కి వచ్చాడు. బాయిలర్ దగ్గరికి వెళ్లానని చెప్పాడు." ఇంతే. అతను చెప్పిన కారణం కూడా రాయడం న్యాయం. హమాలీలు ఇద్దరు తక్కువన్నారు కదా, ఆ లోటు పూడ్చడానికి అతనే బాయిలర్‌కు ఊక ఎత్తి ఉండొచ్చు, ఎవరికి తెలుసు? అది బయటపడితే తప్పు మనిషి నుంచి మనుషుల కొరత మీదికి మారుతుంది.

క్వాలిటీ మనిషి, జడ్చర్ల

సార్ మాటతో సగం ఏకీభవిస్తాను. ఆలస్యం గురించి అయితే పేరు రాయొచ్చు. కానీ గార్డు సంగతిలో పేర్లు వద్దంటాను. "ఫలానా ఫిట్టరు గార్డు పెట్టలేదు" అని ఒక్కసారి రాస్తే, వచ్చేసారి తువ్వాల చిక్కినా ఎవడూ నోరు విప్పడు. గార్డు లేదు, బోల్టులు అరిగాయి, స్టోరులో కొత్తవి లేవు, ఇంతవరకే రాస్తే చాలు.

సబ్‌స్టేషన్ ఆపరేటర్, నాగర్‌కర్నూల్

మా దగ్గర పేరు లేకుండా కుదరదన్నా. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారు, ఎవరు వెనక్కి ఇచ్చారు అన్నది పేరుతో లేకపోతే లైనులోకి మళ్లీ కరెంటు వదలలేం. అది తప్పు పట్టడానికి కాదు, మనిషి దిగాడని నమ్మకం కోసం.

రిటైర్డ్ సూపరింటెండెంట్, నల్లగొండ

రెండూ సబబే. నేను చెప్పేది ఇంకొకటి: శిక్ష దాకా పోయే విషయం గ్రూపులో పెట్టకండి. నలుగురి ముందు పేరు పడిన మనిషి ఆ తర్వాత ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. మేనేజరుకు విడిగా రాయండి.

పంచాయతీ కార్యదర్శి, మునుగోడు వైపు

ఈ చర్చ నాకు బాగా పనికొస్తోంది. నేను రోజుకు ఎన్ని గ్రూపుల్లో ఎన్ని ఫోటోలు పెడతానో లెక్కే లేదు. ఎక్కువ శాతం "పని పూర్తయింది" అని ఫోటో, కింద నమస్కారం బొమ్మ. ఒక అనుభవం చెప్తాను. మా ఊరి పైవాడకు మిషన్ భగీరథ నీళ్లు ఆగిపోయాయి. ముందు "పైవాడలో నీటి సమస్య ఉంది, తగు చర్యలు తీసుకోగలరు" అని మెసేజ్ పోయింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి ఇలా రాశాను: "సోమవారం పొద్దున నుంచి పైవాడ ట్యాంకుకు నీళ్లు ఎక్కడం లేదు. బడి పక్కన వాల్వు దగ్గర పైపు లీకవుతోంది. జనం మళ్లీ పాత బోరు నీళ్లు తాగుతున్నారు. ఆ బోరు మీద ఫ్లోరైడ్ అని ఎర్ర రంగు వేసి ఉంది. వాల్వు మార్చేదాకా రోజుకు రెండు ట్యాంకర్లు కావాలి." ఆ సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది.

మా వైపు వంకర తిరిగిన కాళ్లు, ఒంగిపోయిన నడుములు చూసినవాళ్లకు ఆ నాలుగో వాక్యం ఏమిటో తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. "నీటి సమస్య" అన్న మాటలో ఇదేమీ కనపడదు. జనం ఇప్పుడు ఏం తాగుతున్నారన్నది రాయాలి. "తగు చర్యలు" అని కూడా ఇప్పుడు రాయడం మానేశాను. ఏ చర్యో చెప్పకుండా పంపితే, అది ఆలోచించే పని కూడా పైవాళ్లకే వదిలేసినట్టు.

షిఫ్టు ఇన్‌చార్జి, మిర్యాలగూడ

అక్క చెప్పినట్టే ఎలివేటర్ ఆపించాను, గార్డు తీగతో గట్టిగా కట్టించాను, బోల్టులు వచ్చేదాకా. సేటుకు ఇది పంపుదామనుకుంటున్నా. చూసి చెప్పండి.

"సేటు గారూ, నమస్తే. నిన్న రాత్రి షిఫ్టు.

ఇవాళ మీరు రెండింటికి సరే అనాలి: డ్రయ్యర్ ఎలివేటర్‌కు కొత్త బెల్టు, పుల్లీ గార్డుకు కొత్త బోల్టులు. గార్డు లేక తెల్లవారుజామున ఒక హమాలీ తువ్వాల పుల్లీలో చిక్కింది. దెబ్బ తగల్లేదు. ఇప్పటికి తీగతో కట్టించాను.

1:10కి బెల్టు జాయింటు ఊడింది. ఫిట్టరు మళ్లీ వేశాడు, 2:00కి నడిచింది. ఆ 50 నిమిషాలు ఆవిరి పట్టిన వడ్లు డ్రయ్యర్‌కు ఎక్కలేదు. రాత్రి చూసినప్పుడు రంగు మారలేదు. పగటి షిఫ్టువాళ్లు వెలుగులో మళ్లీ చూడాలి. బెల్టు అంచు అరిగింది, మళ్లీ ఊడొచ్చని ఫిట్టరు అనుమానం.

మూడు లారీలు దిగాయి. రెండోదాంట్లో తేమ 19.2 శాతం వచ్చింది. కొనుగోలు కేంద్రం నుంచి వచ్చిన ట్రక్ షీటులో 17 ఉంది. పై సంచుల్లోంచే శాంపిల్ తీశారు. ఆ లాటు విడిగా పెట్టించాను.

3:20కి కరెంటు పోయింది, 3:35కి వచ్చింది. పక్క మిల్లులో కూడా పోయింది. బాయిలర్, ఊక ఇబ్బంది లేదు."

క్వాలిటీ మనిషి, జడ్చర్ల

శభాష్ తమ్ముడూ. "పై సంచుల్లోంచే శాంపిల్ తీశారు" అన్నది చాలా మంచి వాక్యం. దానివల్ల 19.2ను ఎంత నమ్మాలో సేటుకు తెలుస్తుంది. కింది సంచుల్లోంచి కూడా తీసి మళ్లీ చూడమని చెప్పు, డ్రైవరు ఎదురుగానే. కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక మిల్లు దగ్గర తరుగు మాట వస్తే చివరికి రైతు మీదే పడుతుంది. పై సంచుల అంకె ఒక్కటి పట్టుకుని ఎవరి వడ్లకూ కోత పెట్టకూడదు.

బెల్టుకు ఎంతవుతుంది, ఎక్కడ దొరుకుతుంది అన్నది కూడా కలుపు. సేటు సరే అనడానికి అడిగే మొదటి మాట అదే.

లారీల పని, కోదాడ

ఇది చదివితే నాకే మిల్లు కళ్లముందు కనిపించింది. వాయిస్‌లో ఇంత వరసగా చెప్పలేం, ఒప్పుకుంటున్నా. లారీ నంబరు కూడా రాయి తమ్ముడూ. "రెండో లారీ" అంటే రేపటికి ఏ లారీయో తెలియదు.

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

బోల్టులు ఎన్ని గంటలకల్లా కావాలో రాయి. "ఇవాళ" అంటే సాయంత్రం దాకా సాగుతుంది. మధ్యాహ్నం రెండింటికల్లా అను. తీగ నమ్మదగ్గది కాదు. "బోల్టులు వచ్చేదాకా ఎలివేటర్ నడపొద్దు" అని ఆ వాక్యంలోనే పెట్టు. డ్రయ్యర్ ఆగితే నష్టమెంతో తేల్చుకోవాల్సింది సేటు.

పంచాయతీ కార్యదర్శి, మునుగోడు వైపు

సూపరింటెండెంట్ సార్, ఒక సందేహం. మేం గ్రూపుల్లో పెట్టే ఈ మెసేజ్‌లు కూడా సమాచార హక్కు కిందికి వస్తాయా?

రిటైర్డ్ సూపరింటెండెంట్, నల్లగొండ

2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చూడండమ్మా. మెమోలు, ఈమెయిళ్లు, అభిప్రాయాలు, లాగ్‌బుక్కులు, రిపోర్టులు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారం, అన్నీ అందులో ఉన్నాయి. ఆఫీసు పని కోసం రాసింది ఇన్‌ఫార్మల్ అయినంత మాత్రాన అది మీ సొంత ముచ్చట కాదు. ప్రైవేటు మిల్లుకు ఆ చట్టం నేరుగా వర్తించదు. కానీ గొడవ కోర్టుకు పోతే ఫోన్లో మెసేజ్ కూడా సాక్ష్యమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డులకు సెక్షన్ 63 ఉంది, ధ్రువపత్రం జతచేయాలి.

అందుకని మీ ఇద్దరికీ చెప్తున్నాను. గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉంటే తీసెయ్యండి. నీళ్లు, ప్రమాదం, డబ్బు, తూకం, ఈ నాలుగింటికి సంబంధించింది ఏది రాసినా ఆ రోజే రిజిస్టరులో కూడా ఎక్కించి, టైము వేసి, సంతకం పెట్టండి. ఫోన్ పోవచ్చు, నంబరు మారొచ్చు, మీకు వేరే ఊరికి బదిలీ కావచ్చు. మీ తర్వాత వచ్చేవారికి ఆ పైవాడ వాల్వు సంగతి తెలియాలంటే అది ఆఫీసు బీరువాలో ఉండాలి.

షిఫ్టు ఇన్‌చార్జి, మిర్యాలగూడ

లారీ నంబరు, బెల్టు ధర, రెండు గంటల గడువు కలిపి పంపాను. బోల్టులు తేవడానికి మనిషి హనుమాన్‌పేట వైపు బయల్దేరాడు. డ్రయ్యర్ ఆగే ఉంది. హిందీ బోర్డు మేస్త్రీ రాస్తున్నాడు. అయిపోయాక ఫోటో పెడతాను.